ఢిల్లీ పత్రికలో అచ్చయిన ఆ ఉత్తరం: విదేశీ దుష్ప్రచారానికి విరుగుడు ఎక్కడుంది?

1983 జులైలో ఢిల్లీ నుంచి వెలువడే 'పేట్రియాట్' అనే ఇంగ్లిష్ దినపత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. కింద సంతకం లేదు. న్యూయార్క్‌లో ఉంటున్న ప్రసిద్ధ శాస్త్రవేత్త, మానవశాస్త్ర నిపుణుడు రాసినదని మాత్రం ఉంది. అంతకు రెండేళ్ల ముందే అమెరికా వైద్యుల కంటపడిన ఎయిడ్స్ అనే కొత్త జబ్బు ప్రకృతిలో పుట్టింది కాదనీ, జీవాయుధాల కోసం పెంటగాన్ చేయించిన ప్రయోగాల్లోంచి బయటపడిందనీ ఆ ఉత్తరం చెప్పింది. ఆ ప్రయోగాలు ఇక పాకిస్థాన్‌కు తరలబోతున్నాయి, భారత్ జాగ్రత్తపడాలి అన్నది అందులోని హెచ్చరిక.

అప్పటికి మన దేశంలో హెచ్‌ఐవీ సోకినవారిని ఒక్కరిని కూడా గుర్తించలేదు. తొలి కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. అంటే జబ్బును గుర్తించడానికి మూడేళ్ల ముందే, ఆ జబ్బు గురించిన అబద్ధం మన దేశంలో అచ్చయిపోయింది.

ఆ ఉత్తరం న్యూయార్క్ నుంచి రాలేదు. సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీయే దాన్ని పత్రికలోకి చేర్చిందని ఈ వ్యవహారాన్ని తవ్వి తీసిన చరిత్రకారులు తేల్చారు. 1985 సెప్టెంబరులో కేజీబీ తన బల్గేరియా మిత్ర సంస్థకు పంపిన సమాచారం తర్వాత అక్కడి పాత దస్త్రాల్లో దొరికింది. ఎయిడ్స్ అమెరికా రహస్య ప్రయోగాల ఫలితమని విదేశాల్లో నమ్మించడమే తమ లక్ష్యమని అందులో ఉంది. ఎన్నికల వేళ ఫోన్లలోకి వచ్చిపడే వీడియోల గురించి ఈరోజు మాట్లాడుకుంటున్న ప్రతి అంశానికీ ఈ నలభై ఏళ్లనాటి కథలో ఒక పూర్వరూపం కనిపిస్తుంది. పైగా ఇది మొదలూ తుదీ తెలిసిన కథ. ఎలా పుట్టింది, ఎలా వ్యాపించింది, ఎవరు ఆపారు అన్నవాటికి పత్రాల్లో ఆధారాలున్నాయి. ఇలాంటి వ్యవహారాల్లో అది అరుదు.

నల్లడబ్బు తెల్లబడినట్టు

ఉత్తరం అచ్చయ్యాక రెండేళ్లపాటు పెద్దగా కదలిక లేదు. 1985 అక్టోబరు 30న మాస్కో వారపత్రిక 'లితెరతూర్నయా గజెతా' ఎయిడ్స్ మీద ఒక వ్యాసం వేసింది. అందులో ఆధారంగా చూపింది ఢిల్లీ పత్రికనే. ఇది మా మాట కాదు, స్వతంత్ర దేశమైన భారత్‌లోని పత్రిక రాసింది అన్నట్టుగా. మాస్కో పుట్టించిన మాట ఢిల్లీ వెళ్లి, భారతీయ ముద్ర వేయించుకుని మళ్లీ మాస్కో చేరింది. నల్లడబ్బు నాలుగు చేతులు మారి తెల్లబడే తీరు ఇదే. మూలం ఎక్కడుందో కనబడకుండా చేయడమే ఇందులోని అసలు పనితనం.

తర్వాతి చెయ్యి ఒక శాస్త్రవేత్తది. తూర్పు బెర్లిన్‌లో పదవీ విరమణ చేసిన జీవభౌతిక శాస్త్రవేత్త యాకోబ్ జెగల్ ఈ కథకు సాంకేతిక భాష తొడిగారు. గొర్రెల్లో జబ్బు కలిగించే విస్నా వైరస్‌నూ, మనుషుల్లో ఒకరకం రక్త క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌టీఎల్‌వీ-1 వైరస్‌నూ అతికించి, 1970ల చివర్లో అమెరికాలోని ఫోర్ట్ డెట్రిక్‌లో హెచ్‌ఐవీని తయారుచేశారన్నది ఆయన వాదన. ఆ వాదనతో ఒక పుస్తకం 1986లో హరారేలో జరిగిన అలీన దేశాల శిఖరాగ్ర సమావేశంలో చేతులు మారింది. ఆ అక్టోబరులో లండన్‌లోని 'సండే ఎక్స్‌ప్రెస్' దాన్ని మొదటి పేజీలో వేసింది. 1987 నాటికి ఈ కథ 80కి పైగా దేశాల్లో, 30కి పైగా భాషల్లో తిరిగింది. ఇంటర్నెట్ లేని రోజుల్లో!

శాస్త్రపరంగా జెగల్ వాదన నిలబడేది కాదు. రెండు వైరస్‌లను అతికించి ఉంటే ఆ రెండింటి జన్యుక్రమాలూ ముక్కలుగా హెచ్‌ఐవీలో కనిపించాలి. కనిపించవు. దానికి దగ్గరి చుట్టం చింపాంజీల్లో ఉండే ఎస్ఐవీ అనే వైరస్. పుట్టిన కాలాన్ని లెక్కగట్టే పద్ధతి ఇంకా ఆసక్తికరం. రేడియోధార్మిక పదార్థం ఎంత తరిగిందో చూసి ఒక వస్తువు వయసు చెప్పినట్టే, వైరస్ జన్యువుల్లో పేరుకున్న మార్పులను లెక్కపెట్టి అది ఎప్పుడు చీలిందో అంచనా వేయవచ్చు. మార్పులు ఏ వేగంతో జరుగుతాయో తెలిస్తే చాలు. నేటి కిన్‌షాసా నగరంలో 1959, 1960 సంవత్సరాల్లో సేకరించిన రెండు నమూనాల్లో హెచ్‌ఐవీ దొరికింది. అప్పటికే ఆ రెండింటి మధ్య చాలా తేడా ఉంది. ఒకే మూలం నుంచి అంత తేడా రావాలంటే దశాబ్దాలు పట్టాలి. మైఖేల్ వొరోబీ బృందం 2008లో ప్రచురించిన లెక్క ప్రకారం ఆ మూలం 1908 ప్రాంతానిది. లెక్కలోని అనిశ్చితిని కలుపుకుంటే 1884కూ 1924కూ మధ్య. ఫోర్ట్ డెట్రిక్‌లో జీవాయుధ కేంద్రం మొదలైంది 1943లో.

నిప్పు వేరేచోట, పొగ ఇక్కడ

అయినా జనం ఎందుకు నమ్మారు? అమాయకులు కాబట్టి అనుకుంటే పొరపాటే. నిప్పు లేనిదే పొగ రాదంటారు. దుష్ప్రచారం చేసేవాళ్లు ఈ సామెతను మనకంటే బాగా ఎరుగుదురు. నిప్పు నిజంగానే ఉన్న చోటును వెతికి, అక్కడి పొగను తమకు కావలసిన చోటికి మళ్లిస్తారు.

ఢిల్లీనే చూడండి. 1970ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి అక్కడ దోమల జన్యు నియంత్రణ విభాగాన్ని నడిపాయి. సంతానోత్పత్తి శక్తి లేని మగదోమలను వదిలి దోమల సంతతిని తగ్గించడం దాని ఉద్దేశం. డబ్బు అమెరికా నుంచి వచ్చేది. ఈ పరిశోధన జీవాయుధాలకు పనికొస్తుందన్న అనుమానాలు పత్రికలకెక్కాయి, పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం గట్టి ప్రశ్నలు వేసింది, 1975లో విభాగం మూతపడింది. ఆ అనుమానాల్లో ఎంత నిజముందన్నది వేరే చర్చ. పరాయి సొమ్ముతో నడిచే పరిశోధనపై పౌరులు ప్రశ్న అడగడం తప్పు కాదు. కానీ ఎనిమిదేళ్ల తర్వాత అదే నగరంలో ఆ ఉత్తరం పడినప్పుడు నేల అప్పటికే దున్ని ఉంది.

అమెరికాలో గాయం ఇంకా లోతు. అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా అక్కడి ప్రజారోగ్య విభాగం సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు అసలు సంగతి చెప్పకుండా, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. ఇది పుకారు కాదు, ప్రభుత్వం ఒప్పుకున్న చరిత్ర. ఫోర్ట్ డెట్రిక్ కూడా కల్పిత స్థలం కాదు. 1969లో నిక్సన్ ఆపించేదాకా అమెరికా దాడి కోసమే జీవాయుధాలను అక్కడ రూపొందించింది. ఈ నిజాల మధ్య ఒక్క అబద్ధాన్ని ఇరికించారు.

దాని ఖరీదు ఎవరు చెల్లించారు? 2005లో బోగార్ట్, థోర్బర్న్ అనే పరిశోధకులు 500 మంది ఆఫ్రికన్ అమెరికన్లతో చేసిన సర్వే వెలువడింది. దాదాపు సగం మంది హెచ్‌ఐవీ మనుషులు తయారుచేసిన వైరస్ అన్నారు. ఇలాంటి కుట్ర నమ్మకాలు బలంగా ఉన్న పురుషుల్లో కండోమ్ వాడకం తక్కువగా కనిపించింది. ఆ నమ్మకంలో కేజీబీ వాటా ఎంత, టస్కీగీ వాటా ఎంత అని విడదీసి చెప్పలేం. చల్లినవాళ్ల లక్ష్యం అమెరికా ప్రభుత్వ పరువు. దెబ్బ తగిలింది మాత్రం ఆ ప్రభుత్వం చేతిలో ఒకసారి మోసపోయినవాళ్లకే.

ఎవరు ఆపారు?

అమెరికా ప్రభుత్వంలో 1981లో వివిధ శాఖల నుంచి కొద్దిమందితో ఒక బృందం ఏర్పడింది. సోవియట్ దుష్ప్రచారాన్ని పట్టుకోవడం దాని పని. ఏ దేశంలో, ఏ పత్రికలో, ఏ రోజు ఏ వాక్యం వచ్చిందో వరుసగా పేర్చి, ఒక మాట ఎక్కడ మొదలై ఎన్ని చేతులు మారిందో ఆధారాలతో నివేదికలుగా అచ్చు వేసేది. మంత్రమూ లేదు, నిషేధమూ లేదు. గుమస్తా పనిలాంటి ఈ ఓపిక ఎంత గట్టిగా తగిలిందంటే, 1987 అక్టోబరులో అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ షుల్ట్జ్ మాస్కో వెళ్లినప్పుడు గోర్బచేవ్ స్వయంగా ఆ నివేదిక గురించి ఫిర్యాదు చేశారు.

రెండో ఒత్తిడి విజ్ఞానశాస్త్రం వైపు నుంచి వచ్చింది. ఎయిడ్స్ సోవియట్ యూనియన్‌లోకీ ప్రవేశించింది. అక్కడి వైద్యులకు అమెరికా ప్రయోగశాలల సహకారం అవసరమైంది. ఈ ప్రచారం ఆగకపోతే సహకారం ఉండదని అమెరికా స్పష్టం చేసింది.

అన్నిటికన్నా చెప్పుకోదగ్గది సోవియట్ శాస్త్రవేత్తల ప్రవర్తన. 1958లో మశూచిని ప్రపంచం నుంచే తుడిచిపెట్టాలని ప్రతిపాదించిన వైరస్ శాస్త్రవేత్త విక్తర్ ఝ్దానోవ్, ఎయిడ్స్‌ను అమెరికా తయారుచేసిందన్న వాదనను బహిరంగంగానే తోసిపుచ్చారు. 1987 అక్టోబరు 30న, అంటే 'లితెరతూర్నయా గజెతా' వ్యాసానికి సరిగ్గా రెండేళ్లకు, ప్లాస్మా భౌతిక శాస్త్రవేత్త రొఅల్ద్ సగ్దేయెవ్, రసాయన శాస్త్రవేత్త వితాలీ గోల్దాన్‌స్కీ 'ఇజ్వెస్తియా' పత్రికలో ఈ ప్రచారంతో తమ అకాడమీకి సంబంధం లేదని ప్రకటించారు. ప్రశ్నించడం అంత తేలిక కాని వ్యవస్థలో ఉంటూ తమ దేశపు అబద్ధాన్ని తామే కాదన్నారు. వాషింగ్టన్ నుంచి వచ్చిన వంద ఖండనలకన్నా ఆ ఒక్క ప్రకటనకు బరువెక్కువ. 1992లో రష్యా విదేశీ గూఢచారి విభాగం అధిపతి యెవ్‌గేనీ ప్రిమకోవ్ తమ సంస్థ పాత్రను ఒప్పుకున్నారు.

అక్కడితో అయిపోలేదు. 2020 మార్చిలో కొవిడ్‌ను వుహాన్‌కు అమెరికా సైన్యమే తెచ్చి ఉండవచ్చని చైనా విదేశాంగ ప్రతినిధి ఒకరు రాశారు. ఆ మరుసటి ఏడు చైనా అధికారులు దర్యాప్తు చేయాలని పట్టుబట్టిన ప్రయోగశాల పేరు ఫోర్ట్ డెట్రిక్. అమెరికా చేతులూ శుభ్రంగా లేవు. చైనా తయారీ సినోవాక్ టీకా మీద ఫిలిప్పీన్స్ ప్రజల్లో అనుమానాలు రేపేందుకు కొవిడ్ కాలంలో పెంటగాన్ నకిలీ ఖాతాలతో రహస్య ప్రచారం నడిపిందని రాయిటర్స్ వార్తాసంస్థ 2024 జూన్‌లో బయటపెట్టింది. ప్రజాస్వామ్య దేశమొకటి ఆ పని చేస్తే, రేపు నిజం చెప్పినప్పుడు కూడా ఎవరు వింటారు?

ఖండించినా పోని మరక

అబద్ధమని తేలాక కూడా మాట ఎందుకు మిగిలిపోతుంది? మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ప్రయోగాల్లో చూశారు. 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొప్పినో కొన్ని వాక్యాలను వారాల విరామంతో కొందరికి పదేపదే వినిపించారు. నిజమైనవైనా కాకపోయినా, మళ్లీ మళ్లీ విన్నవి మరింత నిజమనిపించాయి. తెలిసిన మాటను మెదడు తేలిగ్గా అందుకుంటుంది, ఆ తేలికనే నిజానికి గుర్తుగా తీసుకుంటుంది.

1994లో జాన్సన్, సైఫర్ట్ చేసిన ప్రయోగం మరీ కళ్లు తెరిపించేది. ఒక గోదాములో అగ్నిప్రమాదం జరిగిందని కొందరికి చదవడానికిచ్చారు. గదిలో నూనె రంగులు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయని మొదట చెప్పి, కాసేపటికి అది పొరపాటు, ఆ గది ఖాళీ అని సవరించారు. సవరణను చదివినవాళ్లు, అది గుర్తున్నవాళ్లు కూడా, నల్లటి పొగ ఎందుకొచ్చిందని అడిగితే రంగుల డబ్బాలనే తలచుకున్నారు. ఒక కారణాన్ని తీసేస్తే మనసులో ఖాళీ మిగులుతుంది, పాత కథే వెనక్కి వచ్చి అక్కడ కూర్చుంటుంది. ఆ ఖాళీలో మరో కారణాన్ని పెట్టినప్పుడే పాతది బాగా సడలింది. ఎయిడ్స్ విషయంలోనూ అంతే. అమెరికా తయారుచేయలేదు అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. మధ్య ఆఫ్రికా అడవుల్లో చింపాంజీలను వేటాడి కోసేటప్పుడు రక్తం ద్వారా మనిషికి చేరి ఉంటుందని, నదుల మీదుగా, రైళ్ల మీదుగా పెరుగుతున్న నగరాలకు పాకిందని మొత్తం కథ చెప్పాలి.

ఎన్నికల్లో ఈ చిక్కు మరీ ఇరుకున పెడుతుంది. 2024 నవంబరు 24న రుమేనియా అధ్యక్ష ఎన్నిక తొలి విడతలో, సర్వేల్లో వెనకబడి ఉన్న కెలిన్ జార్జెస్కు అనూహ్యంగా మొదటి స్థానంలో నిలిచారు. ప్రచారానికి పైసా ఖర్చు చేయలేదని ఆయన లెక్క చూపారు. టిక్‌టాక్‌లో వేల ఖాతాలు ఒక్కసారిగా ఆయన కోసం పనిచేశాయని, దీని వెనక విదేశీ హస్తం ఛాయలున్నాయని అక్కడి నిఘా సంస్థల పత్రాలు చెప్పాయి. రష్యా కాదంది. తుది విడతకు రెండు రోజుల ముందు, విదేశాల్లోని ఓటర్లు ఓట్లు వేయడం మొదలుపెట్టాక, డిసెంబరు 6న రాజ్యాంగ న్యాయస్థానం ఎన్నికనే రద్దు చేసింది. 2025 మేలో మళ్లీ జరిగిన ఎన్నికలో నికుషోర్ డాన్ గెలిచారు. కోర్టు చేసింది సరైనదేనా అన్న వాదన అక్కడ చల్లారలేదు. వేసిన ఓటును చెల్లదనడం కూడా ప్రజాస్వామ్యానికి గాయమే. చివరి క్షణంలో ఆ మొద్దు కత్తి తప్ప వేరే సాధనం చేతిలో లేకపోయింది.

అదే ఏడాది జనవరి 13న తైవాన్‌లో జరిగింది దీనికి భిన్నం. విదేశాల నుంచి అత్యధికంగా తప్పుడు సమాచారం ఎదుర్కొంటున్న సమాజంగా స్వీడన్‌లోని వీ-డెమ్ పరిశోధన సంస్థ తైవాన్‌ను ఏళ్ల తరబడి గుర్తిస్తోంది. ఓట్ల లెక్కింపులో మోసం జరిగిందంటూ ముక్కలు కత్తిరించిన వీడియోలు వస్తాయని అక్కడి నిజనిర్ధారణ సంస్థలు ముందే ఊహించాయి. వాటి కన్నా ముందే వివరణలు ఇచ్చాయి. వీడియోలు నిజంగానే వచ్చాయి. కానీ అక్కడ బ్యాలెట్ పత్రాన్ని ఒక్కొక్కటిగా పైకెత్తి, గట్టిగా చదివి, గోడమీద కాగితంపై గీత గీస్తారు. ఎవరైనా వచ్చి చూడవచ్చు. పుకారు పాకడానికి చోటు తగ్గింది. దానిని ఆపినది పోలీసు కేసు కాదు, అందరి కళ్లముందూ జరిగే లెక్కింపు.

టీకా సూత్రం

ముందే చెప్పి సిద్ధం చేయడమన్న ఆలోచన 1960ల మొదట్లో విలియం మెక్‌గ్వైర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తది. బలహీనపరిచిన సూక్ష్మజీవిని ఎక్కిస్తే శరీరం అసలుదాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నట్టే, బలహీనమైన తప్పుడు వాదనను దానికి జవాబుతో సహా ముందే రుచి చూపిస్తే మనసు నిలదొక్కుకుంటుందన్నది ఆయన సిద్ధాంతం. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు యోన్ రోజెన్‌బేక్, సాండర్ వాన్ డెర్ లిండెన్ దాన్ని ఈ కాలానికి తెచ్చారు. 2018లో వచ్చిన 'బ్యాడ్ న్యూస్' ఆటలో మీరే పుకార్ల వ్యాపారి. నకిలీ నిపుణుడి వేషం, కోపం రేపే శీర్షిక, కుట్ర కథ, ఇలా ఒక్కో కిటుకు మీరే వాడి చూస్తారు. తర్వాత ఎక్కడ ఆ కిటుకు కనబడినా కన్ను పట్టేస్తుంది. ఏ కథ అబద్ధమో చెప్పక్కర్లేదు, కాబట్టి ఏ పార్టీకీ కోపం రాదు.

2022లో ఇదే బృందం యూట్యూబ్ ప్రకటనల చోటులో నిమిషంన్నర వీడియోలు పెట్టి చూసింది. కిటుకులను గుర్తించడం సగటున 5 శాతం మెరుగైంది. తక్కువే. అయినా కోట్లమంది చూసే చోట తక్కువ కూడా లెక్కే. పైగా టీకాలాగే దీని ప్రభావమూ కొన్నాళ్లకు తగ్గుతుంది, బూస్టర్ కావాలి. మోతాదు మించితే ఇంకో ప్రమాదం ఉంది: మనిషి ఏదీ నమ్మని స్థితికి వెళ్లిపోవడం. అలాంటి సమాజమే దుష్ప్రచారకులకు కావలసింది.

మన దేశంలో అనుభవం ఏమిటి? 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తప్పుడు వార్తలను గుర్తుపట్టే చిట్కాలను కొందరికి చూపించారు. ఇంటర్నెట్ వాడే చదువుకున్న భారతీయుల్లో నిజమైన వార్తకూ దొంగ వార్తకూ తేడా చూసే శక్తి 17.5 శాతం పెరిగింది. ఉత్తర భారత గ్రామీణుల్లో ఏ మార్పూ లేదు. 2019 ఎన్నికలప్పుడు బిహార్‌లో సుమిత్ర బద్రీనాథన్ ఇంటింటికీ పంపించి గంటసేపు పాఠం చెప్పించినా సగటున ఫలితం కనబడలేదు. గంట పాఠంతో జీవితకాలపు అలవాటు మారుతుందనుకోవడం మన ఆశ మాత్రమే.

ఆ ప్రయోగం విఫలమైందని ఆమె పక్కన పెట్టేయలేదు. సహ పరిశోధకులతో కలిసి మళ్లీ బిహార్‌కే వెళ్లారు. ఈసారి పెద్దవాళ్లు కాదు, 8 నుంచి 12 తరగతుల వయసు పిల్లలు. ఒక్క గంట కాదు, వారాల తరబడి తరగతులు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ జీవిక నడిపే గ్రామ గ్రంథాలయాల్లో 13,000 మందికి పైగా పిల్లలు పాల్గొన్నారు. ఒక మాట ఎక్కడ నుంచి వచ్చింది, దాన్ని ఎవరు మొదట చెప్పారు, నాకు కోపమో భయమో పుట్టించి ఏం చేయించాలని చూస్తోంది అని అడగడం నేర్పారు. పిల్లలు తప్పుడు సమాచారాన్ని గుర్తుపట్టడంలో స్పష్టంగా మెరుగయ్యారు. నెలలు గడిచాక వెళ్లి చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. ఆ తరగతి గది ముఖం చూడని వాళ్ల తల్లిదండ్రులను పరీక్షిస్తే, వాళ్లలోనూ కొంత మార్పు కనబడింది.